నల్లగొండకు పోవాల్సిన ఫ్లాపీ

మొన్న పొద్దున స్నానానికి పోతూ కొత్త సబ్బు కాగితం విప్పాను. మా అమ్మాయి స్నేహితురాలెవరో దుబాయి నుంచి తెచ్చి ఇచ్చిన సబ్బు. ఆ వాసన తగలగానే నేను మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర, ఒక సైకిళ్ళ దుకాణం మీది గదిలో ఉన్నాను. ఆ గదిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా ఇదే వాసన వేస్తున్న ఒక ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టి, ఇంకొకరి పేరు రాయాల్సిన చోట నా పేరు రాశాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. తర్వాత నోరు మూసుకుని దాన్ని దాచిపెట్టడం ఇంకా పెద్ద తప్పు. దానివల్ల ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాటలు ఆగిపోయాయి. వాళ్ళలో ఒకరు ఆ గది యజమాని, నాకు పని నేర్పిన ఖాజా సార్.

ఖాజా సార్ సర్కారు బడిలో లెక్కల మాస్టారుగా ఉండి, ఆ ఉద్యోగం వదిలేసి కంప్యూటర్ సెంటరు పెట్టారు. తొంభైలలో పాలమూరులో అది పిచ్చిపని. బంధువులు ఇంటికొచ్చి మరీ తిట్టిపోయారట. గదిలో మూడు కంప్యూటర్లు, కిటికీలకు దుమ్ము రాకుండా మందపాటి పరదాలు, మెట్ల మీద వరసగా విడిచిన చెప్పులు. నేను జడ్చర్ల పక్క ఊరివాణ్ణి. డిగ్రీ అయ్యాక అక్కడే నేర్చుకుని, అక్కడే నేర్పించేవాడిగా చేరాను. సార్ గట్టిగా కోప్పడటం నేను చూడలేదు. ఒక్క విషయంలో మాత్రం పట్టుదల ఉండేది. తెర మీద వచ్చిన ప్రతి మాటా చదివితే తప్ప తర్వాతి మీట నొక్కనిచ్చేవారు కాదు. "మిషిను నీతోని మాట్లాడుతుంటే మధ్యల లేసిపోతవా?" అనేవారు.

ఆ ఫ్లాపీలోది ఒక కంప్యూటర్ ఆట. అది మొదట మా దగ్గరికి వచ్చింది ఆయన హైదరాబాదులో కోఠి దుకాణాల నుంచి తెచ్చిన ఫ్లాపీల్లో. అంతరిక్షంలో జరిగే ఆట. ఒక్కో ఆటగాడికి ఒక గ్రహం ఇస్తారు. అక్కడ ఓడలు కట్టి, పక్క గ్రహాలను వెతుక్కుంటూ, ఎదుటివాడి ఓడలతో తలపడుతూ పోవాలి. నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించగానే ముందుగా ఒక పేజీ నిండా ఇంగ్లీషు వచ్చింది. అలవాటు కొద్దీ మీట నొక్కబోయాను.

"అరే మల్లేశ్, జర ఆగు. ఏం రాసిండో చదువు."

చదివాను. ఈ ఆట షేర్‌వేర్ అనీ, కొన్నాళ్ళు ఆడి చూడమనీ, నచ్చితే డబ్బు పంపి రిజిస్టర్ చేసుకొమ్మనీ దాన్ని తయారుచేసిన మనిషి రాసుకున్నాడు. కింద ఎక్కడో విదేశంలోని ఆయన చిరునామా.

"ఏమంటుండు?" అన్నారు సార్.

"ఫ్రీగ ఆడుకొమ్మంటుండు సార్."

"ఫ్రీ అన్నడా? సీతాఫలాలమ్మే అవ్వ గంపల నుంచి ఒకటి తీసి, తిని చూడు బిడ్డా అంటది. తిన్నంక, మంచిగుందవ్వా అని చెప్పి గంప ఎత్తుకొని పోతమా?"

"అవ్వ ఎదురుంగ కూసుంటది సార్. గీయన యాడున్నడో ఎవరికెరుక?"

"ఎదురుంగ లేడు గనుకనే జర ఎక్కువ ఫికర్ చెయ్యాలె."

ఆ మాటకు నేను నవ్వాను. ఆ కాలంలో మా సెంటర్లోనే కాదు, ఎక్కడైనా సరే, ఆటలకు డబ్బు కట్టేవాళ్ళు లేరు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి కాపీ చేసుకోవడమే అందరికీ తెలిసిన పద్ధతి.

ఆ ఆటలో నాకు వింతగా అనిపించింది ఇంకొకటి ఉంది. ఆటగాళ్ళంతా ఒకచోట కూర్చోనక్కరలేదు. ఎవరి కంప్యూటర్ మీద వాళ్ళు తమ ఓడలకు ఆజ్ఞలిచ్చి, వాటిని ఒక ఫ్లాపీలో పంపిస్తే చాలు. అన్ని ఫ్లాపీలూ ఒక చోటికి చేరాక, అక్కడి మాస్టర్ ప్రోగ్రాం వాటిని కలిపి, ఎవరు ఎక్కడికి చేరారో, ఎవరి ఓడ పేలిపోయిందో లెక్కతీసి తిరిగి అదే ఫ్లాపీల్లో రాస్తుంది. సార్‌కు ఆ మాట తెలియగానే ఎస్టీడీ బూత్‌కు పోయి నల్లగొండకు ఫోన్ చేశారు. అక్కడ లింగయ్య సార్ ఉంటారు. కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఇద్దరూ కలిసి బి.ఎడ్. చదివి, మొదటి ఉద్యోగం కల్వకుర్తి వైపు ఒకే ఊళ్ళో చేసినవాళ్ళు. లింగయ్య సార్ ఇంట్లో అప్పటికే ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని ఖాజా సారే దగ్గరుండి బిగించి ఇచ్చారు.

అట్లా వారానికొకసారి గ్రహాలు మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు బస్సెక్కడం మొదలైంది. దేవరకొండ మీదుగా పోయే బస్సు కండక్టరు శంకరయ్య ఫ్లాపీని స్టీలు టిఫిను డబ్బాలో పెట్టుకుని తీసుకుపోయేవాడు. మాస్టర్ ప్రోగ్రాం మా దగ్గర ఉండేది. దాన్ని నడిపేది నేను.

"సార్, గీ డబ్బల కూర గిట్ల ఉందనుకుంటి. గ్రహాలంట గద," అన్నాడు శంకరయ్య ఒకరోజు. "శనిగ్రహం గిట్ల ఉంటే ముందే చెప్పుండ్రి. నా బస్సు మొదలే దేవరకొండ దాటంగనే ఆగుతాంది."

"శని లేడు శంకరయ్యా. అన్ని మా లింగయ్య గ్రహాలే," అన్నారు ఖాజా సార్.

"గట్లయితే సరే. సీట్ల కింద పెట్టకుంట ఒళ్ళె పెట్టుకుంట."

ఆట ముదిరేకొద్దీ రిజిస్టర్ చేయని కాపీ ఇబ్బంది తెలిసివచ్చింది. అది చిన్న ఓడలు మాత్రమే కట్టనిస్తుంది. పెద్ద ఓడలు, దూరపు ప్రయాణాలు రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకే. ఖాజా సార్ రెండు కాపీలు రిజిస్టర్ చేయిద్దామన్నారు. పాలమూరు నుంచి విదేశానికి డాలర్లు పంపడం మా వల్ల అయ్యే పని కాదు. ఆయన బావమరిది జెద్దాలో పనిచేసేవాడు. అతను అక్కడి నుంచి డబ్బు పంపుతానన్నాడు.

"ఒక్కటి తెప్పిస్తే చాలదా సార్? కాపీ కొట్టి నల్లగొండకు పంపుదం," అన్నాను.

"ఆయన తెర మీద నా పేరు వస్తది."

"వస్తే ఏమైతది సార్?"

సార్ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "మేం కొలువు చేసిన ఊర్ల హోటలుండె. అందరికి లోపలి గ్లాసులల్ల చాయ్. లింగయ్యకు మాత్రం చూరుల పెట్టిన గ్లాసు. మాస్టరయినా సరే. ఆయన తాగి, ఆయనే కడిగి, మళ్ళ చూరుల పెట్టాలె. ఒకరోజు నేను గూడ చూరుల గ్లాసు తీసి దాంట్లనే పోయించుకొని తాగిన. పెద్ద పని చేసిన అనుకున్న. బయటికొచ్చినంక లింగయ్య ఏమన్నడో తెలుసా? నువ్వు గా గ్లాసుల తాగితే నాకేమొస్తది ఖాజా, నాక్కావాల్సింది లోపలి గ్లాసు, అన్నడు." కుర్చీ మళ్ళీ తెర వైపు తిప్పుకుంటూ, "గందుకే రెండు తెప్పిస్తున్న. ఆయనది ఆయన పేరు మీదనే ఉండాలె," అన్నారు.

నేను ఇదంతా విన్నాను. అంటే తెలిసే చేశాను. ఇది నేను ఎప్పుడూ దాటవేయకూడదు.

బావమరిది సెలవు మీద వచ్చినప్పుడు, ఆట తయారుచేసిన మనిషి జెద్దాకు పంపిన రెండు ఫ్లాపీలూ అతని సూట్‌కేసులో, బట్టల మధ్య, సబ్బుల పక్కన ప్రయాణం చేసి వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే సబ్బు వాసన. సార్ మొదటిది పెట్టారు. పేరు అడిగింది. ఆయన ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టారు. నల్లటి ఆకాశం, చుక్కలు, వాటి మధ్య ఈ కాపీ ఫలానావారిది అంటూ ఆయన పూర్తి పేరు మెరిసింది. ఆ పేరు ఒక్కసారి ఎక్కితే మారదు. ఫ్లాపీ మళ్ళీ అడగదు. సార్ ఆ తెరను చాలాసేపు చూశారు. తర్వాత నమాజుకు టైమవుతోందని లేస్తూ, "రెండోదాంట్ల లింగయ్య పేరు ఎక్కించి, నడుస్తాందో లేదో చూసి పెట్టు. రేపు నువ్వే తీసుకపోయి పెట్టిరా," అని మెట్లు దిగారు.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. పేరు అడిగే గడిలో గీత మిణుకుమిణుకుమంటోంది. నా పేరు ఆ చుక్కల మధ్య ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. కొట్టి, చూసి, చెరిపేద్దామనుకున్నాను. కొట్టాను. గడిలో ఉంటే సరిపోలేదు. ఆకాశంలో చూడాలి. ఎంటర్ నొక్కాను. ఫ్లాపీ గరగరమంది. నా పేరు వచ్చింది. చాలా బాగుంది. ఆ బాగుండటం ఎంతోసేపు నిలవలేదు.

సార్ వచ్చేలోపల ఎన్ని విధాలుగా ప్రయత్నించినా పేరు మారలేదు. ఆయన వచ్చి, "అయిందా?" అన్నారు. "అయింది సార్," అన్నాను. అప్పుడే చెప్పి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. ఆయన చీవాట్లు పెట్టే మనిషి కూడా కాదు. బహుశా నాకు భయం ఆయన కోపం గురించి కాదు. ఆయన నన్ను చూసి ఏమీ అనకుండా ఊరుకుంటారేమోనని.

మర్నాడు నల్లగొండ పోయాను. లింగయ్య సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కంప్యూటర్ తెర తువ్వాలుతో తుడిచి సిద్ధంగా ఉన్నారు. నేను పాత షేర్‌వేర్ కాపీనే మళ్ళీ కొత్తగా ఎక్కించాను. చుక్కలు వచ్చాయి.

"నా పేరు యాడ?" అన్నారాయన.

"మీ పేరు మాస్టర్ల ఉంటది సార్, మా దగ్గర. ఇక్కడ కనపడది."

"గట్లనా," అన్నారు. చాయ్ తెచ్చి ఇచ్చారు.

తర్వాతి వారాల్లో ఏం జరిగిందో మాస్టర్ నడిపేవాణ్ణి కాబట్టి నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. ఖాజా సార్ పెద్ద ఓడలు కట్టి గ్రహం తర్వాత గ్రహం కలుపుకుంటూ పోయారు. లింగయ్య సార్ చిన్న ఓడలతో అడ్డుపడి, ఒక్కొక్కటీ పోగొట్టుకున్నారు. "లింగయ్య ఎందుకో పెద్దవి కడ్తలేడు. ఏందో ఎత్తు వేస్తుండు," అని సార్ సంబరపడేవారు. నేను తల వంచుకుని లెక్కలు తీసేవాణ్ణి. లింగయ్య సార్ ఆ ఓడల గురించి ఎప్పుడూ అడగలేదు. అడగడమంటే, తక్కువది ఇచ్చిన మనిషి ముందు పోయి నిలబడటమే. అది ఆయన చేయరు.

ఒక వారం శంకరయ్య ఖాళీ డబ్బా తెచ్చాడు. "ఆ సారు బస్టాండుకు రాలె సార్. మీ లడాయి వాయిదా పడ్డదా?" అన్నాడు. తర్వాతి వారం కూడా అంతే. సార్ ఫోన్ చేస్తే అవతల నుంచి కాలేజీ పని ఉందన్న మాట వచ్చింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. బస్సు వచ్చే వేళకు సార్ బస్టాండుకు పోయి, డబ్బా మూత తానే తీసి చూసి, మూసి, శంకరయ్యకు తిరిగి ఇచ్చేవారు. సెంటరుకు వచ్చాక పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేవారు. "నేనేం తప్పు జేసిన్నో నాకే సమజైతలేదు మల్లేశ్," అన్నారొకసారి. ఆ మాట నాతో అన్నారు.

చివరికి ఆయనే నల్లగొండ పోతానని బయలుదేరారు. లింగయ్య సార్‌కు ఇష్టమని సంచిలో పచ్చి పల్లికాయలు పెట్టుకున్నారు. సంచి మోసుకుంటూ బస్టాండు దాకా పోయాను. ఆయన బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. సంచి అందించాల్సిన వాణ్ణి అందించకుండా నిలబడ్డాను.

"సార్, రెండో ఫ్లాపీల నా పేరు కొట్టిన. నల్లగొండల పాతదే పెట్టొచ్చిన."

సార్ నా వైపు చూశారు. చుట్టూ జనం ఎక్కుతున్నారు. "లింగయ్యకు ఏం చెప్పినవ్?"

"పేరు మన దగ్గర ఉంటదని చెప్పిన."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవడం అయిపోయినా తుడుస్తూనే ఉన్నారు. "మీరు కూడ పాతదాంట్లనే ఆడుండ్రి సార్. ఇద్దరికి సమానమైతది," అన్నాను.

"గా చూరు గ్లాసు పని నేను ఒకసారి చేసిన. చెప్పిన గద నీకు." ఆయన లేచి, కిందికి దిగారు. "నువ్వు ఎక్కు."

"మీరు రారా సార్?"

"నేను చెప్తే నా మొహం చూసి నిన్ను మాఫ్ చేస్తడు. గది నీకు సులువైతది. లింగయ్యకు ఏమొస్తది?"

శంకరయ్య ఫుట్‌బోర్డు మీద నుంచి, "ఏంది సార్, దిగుతుండ్రు? సంచి ఒక్కటే పోతాందా?" అన్నాడు.

"సంచి, గీయన," అన్నారు సార్.

లింగయ్య సార్ వాకిట్లో కుర్చీ వేసుకుని జవాబు పత్రాలు దిద్దుతున్నారు. కూర్చోమన్నారు. కూర్చోకుండానే చెప్పాను. మొదటి నుంచి, ఎంటర్ నొక్కిన దగ్గర నుంచి, ఆయన ఇంట్లో నేను ఆడిన అబద్ధం దాకా. ఆయన ఎర్రసిరా పెన్ను మూత పెట్టారు.

"ఖాజాకు తెలుసా?"

"ఇయ్యాల పొద్దుగాలనే చెప్పిన సార్. బస్సు కాడ."

"మరి ఆయనెందుకు రాలె?"

"నన్నే చెప్పుకొమ్మన్నరు."

"మాస్టరు బుద్ధి పోదు ఆయనకు," అన్నారు. నవ్వబోయి ఆగారు. "ఆయన దగ్గర గూడ నాకు తక్కువదే అనుకున్న. ఇన్నేండ్ల దోస్తు. ఒక్క మాట అడగకపోతి."

"మీ తప్పేం లేదు సార్."

"నీ తప్పెంతో నువ్వు చెప్పుకున్నవ్. నా తప్పెంతో నన్ను చెప్పుకోనీ." పల్లికాయల సంచి విప్పి చూసి, మళ్ళీ ముడి వేశారు. "నిన్ను మాఫ్ చేసిన అని ఇప్పుడే అన. నా పేరు నాకు తెచ్చియ్యి. గప్పుడు చూద్దం."

ఆ సాయంత్రమే ఆయన ఖాజా సార్‌కు ఫోన్ చేశారని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం ఆట తయారుచేసిన మనిషికి నా చేతులతో ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. నా పేరున్న ఆ ఫ్లాపీని కూడా అందులో పెట్టి, ఇంకొకరి పేరు మీద మరొకటి ఇవ్వమని వేడుకున్నాను. పంపేముందు సార్‌కు చూపించాను. పొరపాటున నా పేరు కొట్టానని రాసిన దగ్గర ఆయన వేలు ఆగింది.

"కొట్టింది పొరపాటు. దాచింది పొరపాటు కాదు. రెండూ రాయి."

తిరగరాశాను. ఎన్నడూ చూడని మనిషికి నా గురించి అంత నిజం చెప్పడం వింతగా ఉండింది. పోస్టు చేశాక జవాబు వస్తుందన్న ఆశ నాకు లేదు. ఎండాకాలం పోయింది. సెంటరు పైకప్పు కారింది. ఒకరోజు విదేశీ స్టాంపులున్న మందపాటి కవరు వచ్చింది. లోపల అట్టముక్కల మధ్య కొత్త ఫ్లాపీ. దాంతోపాటు ఒక చిన్న చీటీ. డబ్బు అక్కర్లేదని, నల్లగొండ ఎక్కడుందో మ్యాపులో వెతికి చూశానని అందులో రాసి ఉంది. సార్ ఆ చీటీ చదివి, "చూసినవా, మనిషున్నడు," అన్నారు.

ఈసారి పేరు ఎక్కించకుండానే నల్లగొండ తీసుకుపోయాను. లింగయ్య సార్ ఇస్త్రీ చొక్కా ఏమీ వేసుకోలేదు. బనీను మీదనే ఉన్నారు. నేను అలవాటుగా కుర్చీలో కూర్చుని ఫ్లాపీ పెట్టి, ఎక్కించడం మొదలుపెట్టాను. పేరు అడిగే గడి వచ్చింది. నా చేతులు మీటల మీదికి పోతున్నాయి.

"జర లే, మల్లేశ్," అన్నారాయన.

లేచాను. ఆయన కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్క వేలితో ఇంటిపేరు మొదలుకుని పూర్తి పేరు కొట్టారు. ఒక అక్షరం తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టారు. ఎంటర్ నొక్కేముందు మొదటి నుంచి చివరిదాకా పెదాలు కదుపుతూ చదువుకున్నారు. ఆ తర్వాత ఆయన నన్ను మాఫ్ చేశానని మాటల్లో ఎప్పుడూ అనలేదు. పాత ఆట ఎత్తేసి కొత్తది మొదలుపెడుతూ, మాస్టర్ మళ్ళీ నేనే నడపాలని మాత్రం ఖాజా సార్‌తో అన్నారట.

ఖాజా సార్ పోయి చాలా ఏళ్ళయింది. సెంటరున్న చోట ఇప్పుడు బట్టల దుకాణం. నేను ఈ రెండు జిల్లాల బడుల్లో కంప్యూటర్లు పెట్టి, నేర్పించే పని చేస్తున్నాను. మిషిన్లు మారాయి, కొత్తది ఏది ఎక్కించినా పేరు అడగడం మాత్రం మారలేదు. హెడ్‌మాస్టర్లు తొందరపెడతారు. "మీరే కొట్టుండ్రి సార్, మాకు క్లాసులున్నయ్," అంటారు. వంటమనిషి ఖాతా అయినా, ఆయా ఖాతా అయినా, గడి రాగానే నేను కుర్చీలోంచి లేస్తాను. ఎవరి పేరో వాళ్ళను పిలిపించి కూర్చోబెడతాను. వాళ్ళు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టి, సరిచూసుకుని, తామే ఎంటర్ నొక్కేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటాను.